జాలీల బండికి గొంతు

ఫెంగ్‌షాన్
1997 మార్చి 4

అత్తయ్యకు,

మీరు పంపిన ఎండు చేపలు అందాయి. ఆ వాసనకి పక్కింటి పిల్లి రెండు రోజులుగా మా గుమ్మం వదలడం లేదు.

ఎప్పుడూ రాసే మీ అబ్బాయి కాకుండా ఈసారి నేను రాస్తున్నానేమిటా అనుకోకండి. ఆయనకి పని ఒత్తిడిగా ఉంది. పైగా అడగాల్సిన సంగతి నాది.

మన దోమల జాలీల బండి మీది పాత మైకు సెట్టు పోయింది. లోపల ఆయన గొంతు ఉన్న క్యాసెట్ తిరుగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. ఆ గొంతు వినపడకపోతే మనది ఏం బండో ఎవరికీ తెలియడం లేదు. ఒకే సందులో మూడుసార్లు తిరిగినా ఒక్క తలుపు తెరుచుకోదు. నిన్న ఒకావిడ బండి ఆపి, పాత పేపర్లు కొంటారా అని అడిగింది.

అందుకని పాత కార్లు విప్పే దొడ్డికి వెళ్ళి, కార్లలో పాటల కోసం పెట్టుకునే యాంప్లిఫయరు ఒకటి తెచ్చాను. దొడ్డి నడిపే బన్ తిక్ ఏరి ఇచ్చాడు. ఎర్ర తీగ బ్యాటరీకి, నల్ల తీగ బండి ఇనుముకి, సన్న తీగలు టేపు రికార్డరుకి, అంతే, అన్నం వండటం కన్నా తేలిక అన్నాడు. అతనికి అన్నం వండటం వచ్చో రాదో నేను అడగలేదు.

అలాగే చేశాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టగానే టప్పున పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. మూడోదీ అంతే. నాలుగోసారి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టాను. పొగ వచ్చింది. తీసేశాను.

మీరు ఇరవై ఆరేళ్ళు రేడియో ఫ్యాక్టరీలో తీగలు అతికారు. ఇప్పటికీ రేవులో పడవల రేడియోలు బాగుచేస్తున్నారు. ఫోన్లో అడుగుదామంటే మీకు వినపడదు. కాబట్టి ఎంత ఆలస్యమైనా ఉత్తరమే దిక్కు. ఏం చెయ్యమంటారు?

మీ కోడలు
యున్ మోయ్


మాగోంగ్ రేవు
మార్చి 9

యున్ మోయ్,

ముందు ఆ వెండి కాగితం చెత్తలో పారేసి రా. మిగతా ఉత్తరం తర్వాత చదువుదువుగాని.

పారేశావా. ఇప్పుడు విను. ఫ్యూజు పోయిందంటే చెడిపోయిందని కాదు, దాని పని అది చేసింది. నువ్వు దాని నోరు మూసేస్తే బండి తగలబడి చెప్తుంది. 

ఎర్ర తీగ ఎక్కడో బండి ఇనుముకి తగులుతోంది. యాంప్లిఫయరు దగ్గర ఎర్ర తీగ విప్పు. కొసకి నల్ల టేపు చుట్టి, దేనికీ తగలకుండా వదిలి, కొత్త ఫ్యూజు పెట్టు. అప్పుడూ పోతే తప్పు తీగలో ఉంది. నిలిస్తే తప్పు డబ్బాలో ఉంది. నా లెక్క ప్రకారం తీగలోనే. ఇంజను వైపు నుంచి లోపలికి రావడానికి రేకుకి కన్నం పొడిచి ఉంటావు. ఆ కన్నం అంచు కత్తిలా ఉంటుంది. బండి అదిరినప్పుడల్లా తీగ మీది తొడుగుని కొంచెం కొంచెంగా కోస్తుంది. తెగిన తీగ మార్చి, కన్నానికి రబ్బరు రింగు తొడుగు. తీగకి చొక్కా ఉంటే చాలదు, గుమ్మానికి పరుపు కూడా ఉండాలి.

ఇక్కడ గాలి ఇంకా తగ్గలేదు. నిన్న ఒక పడవవాడు రేడియో తెచ్చాడు. ఏం శబ్దం వస్తోందో కాగితం మీద రాయమన్నాను. "ఏడుస్తోంది" అని రాశాడు. పిల్లాడిలా ఏడుస్తోందా, పిల్లిలా ఏడుస్తోందా అని అడిగితే అప్పుడు ఆలోచించి పిల్లిలా అని రాశాడు. దాంతో నాకు తెలిసిపోయింది. నువ్వూ అలాగే రాయాలి. నాకు వినపడదు కాబట్టి నీ కాగితమే నాకు చెవి.

మరి వాడేం చేస్తున్నాడు? బండి వాడిది, నిచ్చెన వాడిది, గొంతు వాడిది. తీగ నువ్వెందుకు లాగుతున్నావు?

సుయ్ లియెన్


ఫెంగ్‌షాన్
మార్చి 14

అత్తయ్యకు,

మీరు ఇక్కడ నిలబడి చూసినట్టే రాశారు. రేకుకి కన్నం పొడిచానని కూడా మీకెలా తెలిసిందో. తీగ తొడుగు రేకు అంచుకి సరిగ్గా కోసుకుపోయి, రాగి బయటికి తొంగి చూస్తోంది. కొత్త తీగ వేసి రబ్బరు రింగు తొడిగాను. ఫ్యూజు నిలిచింది. బండి మీద ఆయన గొంతు మళ్ళీ లేచేసరికి నాకు ఒళ్ళు పులకరించింది.

కానీ రెండు కొత్త రోగాలు వచ్చాయి.

మొదటిది, పొద్దున్న లేచి తాళం తిప్పితే బండి కదలదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటుంది. మూడు రోజులుగా ఇదే వరస. సందులోవాళ్ళు తోస్తున్నారు, వాళ్ళకి కుదరకపోతే బన్ తిక్ తన బ్యాటరీ తెచ్చి, తీగలు తగిలించి లేపుతున్నాడు.

రెండోది, స్పీకరులోంచి ఒక కూత వస్తోంది. మీరు చెప్పినట్టు సరిగ్గా రాస్తాను. చెవి పక్కన దోమ తిరిగినట్టు సన్నగా ఉంటుంది. ఇంజను ఆపితే ఉండదు. ఇంజను నెమ్మదిగా తిరిగితే దోమ నెమ్మదిగా, యాక్సిలరేటరు తొక్కితే దోమకి కోపం వచ్చినట్టు పైకి లేస్తుంది. దోమలు రాకుండా జాలీలు వేస్తామని చెప్పే బండిలోంచే దోమ కూస్తోందని వీధిలో అందరూ నవ్వుతున్నారు.

పై అంతస్తుల పని కొన్నాళ్ళు ఒప్పుకోవడం లేదు. కింది ఇళ్ళ కిటికీలు, తలుపులే చేస్తున్నాం. ఇంకో సంగతి. వచ్చే నెల చింగ్ మింగ్‌కి మామయ్యగారి సమాధి శుభ్రం చెయ్యడానికి ఆయన రాలేరేమో. పని ఒత్తిడి. మీరు ఏమీ అనుకోవద్దని చెప్పమన్నారు. మా పుట్టినూరు మేయ్‌నోంగ్ ముల్లంగి ఊరగాయ ఒక డబ్బా పంపుతున్నాను. మూత జాగ్రత్తగా తీయండి, పొంగుతుంది.

యున్ మోయ్


మాగోంగ్ రేవు
మార్చి 19

యున్ మోయ్,

ఊరగాయ పొంగింది. నువ్వు చెప్పింది మూత తీశాక చదివాను.

బ్యాటరీ సంగతి. యాంప్లిఫయరుకి సన్నటి నీలం తీగ ఒకటి ఉంటుంది. లే, పని చెయ్యి అని దాన్ని నిద్ర లేపే తీగ అది. దాన్ని నువ్వు ఎప్పుడూ కరెంటు ఉండే చోట తగిలించావు. కాబట్టి బండి ఆపినా అది మేలుకునే ఉండి, తెల్లవార్లూ బ్యాటరీని తాగుతోంది. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే తీగ ఏదో వెతికి, నీలం తీగ దానికి తగిలించు.

దోమ సంగతి. బాగా రాశావు. ఇంజనుతో పాటు తిరిగే డైనమో కూత అది. పాట తెచ్చే సన్న తీగలు, కరెంటు తెచ్చే ఎర్ర తీగ పక్కపక్కనే కట్టేసి ఉంటావు. విడదీసి, చెరో వైపు నుంచి తీసుకురా. అప్పటికీ పోకపోతే ఎర్తు చూడు. నల్ల తీగ రంగు మీద బిగించి ఉంటావు. కింద ఇనుము తళతళలాడే దాకా రంగు గీకాలి. టేపు రికార్డరు ఎర్తు ఒక చోట, యాంప్లిఫయరు ఎర్తు ఇంకో చోట ఉన్నా కూత వస్తుంది. రెండూ ఒకే చోటికి తెచ్చి బిగించు.

ఇక రోగం లేని సంగతులు అడుగుతాను. పని ఒత్తిడి అంటావు. పై అంతస్తుల పని ఒప్పుకోవడం లేదంటావు. పది రోజులు గొంతే లేకుండా తిరిగిన బండికి ఒత్తిడి ఎక్కణ్ణుంచి వచ్చింది? చింగ్ మింగ్‌కి వాడు రాని ఏడాది లేదు. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు కూడా వాంతులు చేసుకుంటూ పడవలో వచ్చాడు. వాళ్ళ నాన్న సమాధి మీద గడ్డి నా నడుం దాకా ఉంది.

ఇంకో మాట. ఈ బన్ తిక్ ఎవరు? నీ ప్రతి ఉత్తరంలో ఉన్నాడు. నా కొడుకు ఒక్కదాంట్లోనూ కనపడడు.

సుయ్ లియెన్


ఫెంగ్‌షాన్
మార్చి 20

అత్తయ్యకు,

మీ జవాబు ఇంకా రాలేదు. నాకు ఆగబుద్ధి కాలేదు. అదే తప్పయింది.

దోమని వెళ్ళగొడదామని టేపు రికార్డరు మొత్తం బయటికి లాగి, తీగలన్నీ విప్పి తుడిచి, మళ్ళీ బిగించాను. బిగించేటప్పుడు ఎర్రదీ నల్లదీ తారుమారయ్యాయి. కాలిన వాసన వచ్చేలోపే రికార్డరు పోయింది. క్యాసెట్ లోపలే ఇరుక్కుంది. కత్తితో కదిపి తీయబోతే టేపు పేగులా బయటికి వచ్చి తెగిపోయింది. పదకొండేళ్ళుగా ఊరంతా విన్న గొంతు అది. దానికి ఇంకో కాపీ లేదు.

ఆ సాయంత్రమే బన్ తిక్ ఇంకో రికార్డరు పట్టుకొచ్చి బిగించి ఇచ్చాడు. మర్నాడు రాత్రి మా ఇంట్లోనే భోంచేశాడు. భోంచేశాక, ఇక నీ గొంతే పెట్టు, ఎన్నాళ్ళని పాత గొంతు పట్టుకుని వేళ్ళాడతావు అన్నాడు. అతను ఒక్కో మాట చెప్పడం, నేను మైకులో అనడం. మా వైపు హక్కా యాస నా నోటిని వదలదని మీకు తెలుసుగా. అతను నవ్వీ నవ్వీ కింద కూర్చున్నాడు. నాకూ నవ్వు ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినపడింది.

మర్నాడు ఆ క్యాసెట్ వేసుకుని వెళ్ళాను. నేను అన్నది వాళ్ళకి ఏమని వినపడిందో గాని, మొదటి సందులోనే ముగ్గురు ఖాళీ గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. సోయా పెరుగు అమ్ముతున్నాననుకున్నారు. జాలీలండీ అంటే, మరి దాని మీదికి అల్లం పాకం ఉందా అని అడిగింది ఒకావిడ.

అయినా సరే, ఇక మీదట బండికి నా గొంతే. అలవాటు చేసుకుంటారు. కూత మాత్రం ఇంకా ఉంది.

యున్ మోయ్


మాగోంగ్ రేవు
మార్చి 24

యున్ మోయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నా కొడుకు గొంతు తెగిపోయింది, ఇక నీ గొంతే అని రాశావు. బన్ తిక్ మీ ఇంట్లో భోంచేశాడని రాశావు. నా కొడుకు తిన్నాడో లేదో రాయలేదు. ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినపడిందని రాశావు. ఆ నవ్విన ఇద్దరిలో నా కొడుకు లేడు.

మీ మధ్య ఏదైనా జరిగితే నేను వాడి పక్షమే ఉంటానని అనుకోకు. వాడి మొండితనం నాకు తెలుసు, అది నా దగ్గర నుంచి వచ్చిందే. వాడే ఇల్లు వదిలి వెళ్ళాడా, నువ్వు వెళ్ళమన్నావా, అంత మాత్రం రాయి. వాడికి ఇంకో ఆడది ఉంటే ఆ సంగతీ రాయి. తట్టుకుంటాను.

నీలం తీగ గురించి ముందు ఉత్తరంలో రాశాను. ఏం జరిగినా అది మాత్రం మార్చు. బ్యాటరీ ఏ పాపమూ ఎరగదు.

సుయ్ లియెన్


ఫెంగ్‌షాన్
మార్చి 28

అత్తయ్యకు,

మీ అబ్బాయి ఇంట్లోనే ఉన్నారు. నేను రాస్తున్న బల్లకి నాలుగు అడుగుల దూరంలో పడుకుని ఉన్నారు. ఏం రాస్తున్నావని అడిగితే, నిజం రాస్తున్నాను, అడ్డురావద్దు అన్నాను.

ఫిబ్రవరి 27న ఒక ఇంట్లో రెండో అంతస్తు కిటికీకి జాలీ బిగిస్తుంటే, ఆయన కాలు పెట్టిన రేకు వంగిపోయింది. కింద పూలకుండీల మీద పడ్డారు. కుడి కాలు రెండు చోట్ల, మూడు పక్కటెముకలు విరిగాయి. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. కాలు అతుక్కుంటోందని డాక్టరు అంటున్నారు. ప్రాణానికి ఏమీ భయం లేదు, ఇది ఒట్టు. తన తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకున్నారు నా చేత, మీకు చెప్పొద్దని. అమ్మకి వినపడదు, ఫోన్లో సముదాయించలేం, ఊరికే దిగులు పడుతుంది అన్నారు. చేతులు బాగానే ఉన్నాయి, కానీ రాస్తే తన రాతలో మీరు కనిపెట్టేస్తారని భయపడ్డారు.

క్యాసెట్ పోయాక ఆయనే మళ్ళీ చెప్పడానికి కూర్చున్నారు. పక్కటెముకల వల్ల ఊపిరి చాలదు. "జాలీలు" అనేసరికి అయిపోతుంది, ఆగి, మూలిగి, "తలుపులు" అంటారు. ఒక పూట అదే వేసి చూశాను. దారిలో ఇద్దరు ముసలివాళ్ళు టోపీలు తీసి, తలలు వంచి నిలబడ్డారు. శవం బండి అనుకున్నారు. అందుకే నా గొంతు పెట్టాను.

బన్ తిక్‌కి అరవై ఏడేళ్ళు. తమలపాకు వక్క నమిలి నమిలి పళ్ళు ఆరే మిగిలాయి. మీ అబ్బాయికి ఎముకల చారు కాచి తెస్తాడు. ఆ నవ్వినవాళ్ళలో మీ అబ్బాయి లేరని మీరు రాశారు. నవ్వితే ఎముకలు నొప్పి, అందుకని దుప్పటి కొరుకుతూ పడుకున్నారు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత మీకు రాసినవి గుర్తు చేసుకుని, మీరు రాసినవాటి పక్కన పెట్టి చూశాను. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

నీలం తీగ మార్చాను. బ్యాటరీ కోలుకుంది. ఎర్ర తీగ, పాట తీగలు విడదీశాను. దోమ సగం తగ్గింది, సగం ఉంది.

యున్ మోయ్


మాగోంగ్ రేవు
ఏప్రిల్ 1

అమ్మాయ్,

నా గత ఉత్తరం పొయ్యిలో పెట్టు. నీ గురించి అలా రాసినందుకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

కానీ నా మీద మీరు చేసింది కూడా రాస్తాను. నాకు చెవులు పోయి తొమ్మిదేళ్ళయింది. పదిమందిలో కూర్చుంటే అందరి పెదవులూ ఆడతాయి, అందరూ నవ్వుతారు. ఏమిటి సంగతి అని అడిగితే, ఏం లేదులే అని చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడం నాకు బాగా తెలుసు. అందుకే ఫ్యాక్టరీ వదిలాక ఈ రేవుకి వచ్చేశాను. ఇక్కడ పడవవాళ్ళు నాతో పని ఉంది కాబట్టి ప్రతిదీ రాసి చూపిస్తారు. మీరిద్దరూ కూడా నాకు చెయ్యి ఊపారు. వాడు పడిన సంగతి కన్నా అది ఎక్కువ నొప్పిగా ఉంది. చెవిటిదానికి చెప్పకూడని సంగతంటూ ఏదీ లేదు. పెద్ద అక్షరాలతో రాస్తే చాలు.

సరే, అయిపోయింది. చింగ్ మింగ్‌కి గడ్డి నేనే కోస్తాను. ఏడో తేదీ పడవకి బయల్దేరుతున్నాను. నా మీటరూ, సోల్డరింగ్ ఐరనూ తెస్తున్నాను. నేను వచ్చేదాకా ఆ తీగలు వేటినీ ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఎర్రదీ నల్లదీ.

వాడికి చెప్పకు. మీరు నాకు చెప్పలేదు, నేను వాడికి చెప్పను.

సుయ్ లియెన్


ఫెంగ్‌షాన్
ఏప్రిల్ 29

అత్తయ్యకు,

మీరు పడవ ఎక్కేటప్పుడు మీకో మాట ఇచ్చాను కదా. మీరు ఇక్కడున్న తొమ్మిది రోజుల్లో మీ చుట్టూ ఎవరేం అన్నారో, మీకు వినపడనివి అన్నీ రాస్తానని. ఒక్కటీ మింగకుండా రాస్తున్నాను.

మొదటి రోజు మీరు గుమ్మంలో నిలబడి కట్టు కట్టిన కాలు చూస్తుంటే ఆయన గోడ వైపు తిరిగిపోయారు. మీరు కోపమనుకున్నారు. అప్పుడాయన నాతో అన్నది, "అమ్మ ఇంత చిన్నగా అయిపోయిందేమిటి" అని. తర్వాత చాలాసేపు ముక్కు తుడుచుకున్నారు. జలుబు అని మీకు రాసి చూపించింది అబద్ధం.

మీరు సీటు కింద దూరి రంగు గీకుతుంటే బన్ తిక్ పక్కనే కూర్చుని వరసగా సలహాలు ఇచ్చాడు. మీరు ఒక్కదానికీ తల తిప్పకపోయేసరికి, "నలభై ఏళ్ళుగా ఇలాంటి మనిషి కోసం వెతుకుతున్నాను, నా మాట వినేవాళ్ళెవరూ పని చెయ్యరు, పని చేసేది ఈవిడొక్కతే" అన్నాడు. 

రెండు ఎర్తులూ ఒకే బోల్టుకి బిగించి, ఇంజను వెయ్యమన్నారు మీరు. నేను యాక్సిలరేటరు తొక్కాను. మీరు స్పీకరు వైపు చూడలేదు, నా మొహమే చూశారు. నేను తల ఊపాను. అంతవరకు మీకు తెలుసు. దోమ పోయాక ఇంజను ఆపితే, సందు అంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఎవరింట్లోనో బియ్యం కడుగుతున్న చప్పుడు వినపడింది.

తర్వాత మైకు పరీక్షించడానికి మీరు ఒకటి, రెండు, మూడు, జాలీల బండి అన్నారు. ఇళ్ళలోంచి జనం వచ్చేశారు. ఎదురింటి లిన్ గారి భార్య రెండు చెవులూ మూసుకుంది. మీరు అది చూసి, మైకు కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు. జనం మొహాలు చూసి తొమ్మిదేళ్ళుగా నా గొంతు ఎలా ఉంటుందో నేర్చుకున్నాను, అందుకే బయట మాట్లాడను అని నాతో అన్నారు. మీరు వెళ్ళాక లిన్ గారి భార్య ఏమందో మీకు తెలియాలి. "మా అత్త బతికి వచ్చిందనుకున్నాను, స్టవ్ ఆపేసి పరుగెత్తుకొచ్చాను" అంది. అందరూ నవ్వారు. నవ్వింది మిమ్మల్ని చూసి కాదు, ఆవిడ చేతిలో ఇంకా గరిటె ఉంది. ఆ మధ్యాహ్నమే రెండు కిటికీల పని ఇచ్చింది.

మర్నాడు మీ అబ్బాయి కాగితం మీద, "అమ్మా, నాకోసం ఒక్కసారి చెప్పు" అని రాసి ఇచ్చారే, ముందు నాలుగు కాగితాలు రాసి చింపేశారు. ఒకదాంట్లో, మీకు చెప్పకుండా దాచినందుకు క్షమించమని ఉంది. ఆ ముక్క తీసి దాచాను. ఇందులో పెట్టాను.

ఇక మీరు వెళ్ళాక సంగతి. మీరు క్యాసెట్‌లో చెప్పి వెళ్ళిన గొంతుతో పన్నెండు రోజులుగా తిరుగుతున్నాం. ఆయన చేతికర్రతో వచ్చి పక్క సీట్లో కూర్చుంటున్నారు. పొద్దున్న బయల్దేరితే సాయంత్రం దాకా బండి మీద జాలీ చుట్ట తెరిచే ఉంటోంది.

గొంతు ఎలా ఉందో దాచకుండా రాయమన్నారు. రాస్తాను. చాలా పెద్దది. మొదటి మాట గరుకుగా ఉంటుంది. "జాలీలు" దగ్గర ఆగకూడని చోట ఆగుతుంది. చివరి మాట పైకి లేచి, ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. తియ్యగా ఉండదు. విన్నవాళ్ళు చేస్తున్న పని ఆపేసి, నన్నేనా అన్నట్టు తలుపు తీస్తారు. మొన్న ఒక పెద్దాయన చొక్కా వేసుకుంటూ బయటికి వచ్చి, ఏదో తప్పు చేసినవాడిలా, "మా జాలీ చిరిగి ఏడాదయిందమ్మా, వస్తున్నాను" అన్నాడు.

మొదటి రోజు మీ గొంతు బండి మీద లేచింది. మీ అబ్బాయి మూడో సందు తిరిగాక, "ఫ్యాక్టరీ క్వార్టర్లలో నాలుగో అంతస్తు నుంచి నన్ను అన్నానికి ఇలాగే పిలిచేది" అన్నారు. ఎంత దూరంలో ఆడుతున్నా వినపడేదట. తెలిసీ వినపడనట్టు నటించేవారట.

యున్ మోయ్


మాగోంగ్ రేవు
మే 8

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. వాడు చింపిన ముక్క నా సోల్డరింగ్ డబ్బాలో పెట్టుకున్నాను. వినపడనట్టు నటించేవాడని నాకు అప్పుడే తెలుసు. ఆ సంగతి వాడికి చెప్పు.

బన్ తిక్ ఎంత మాట్లాడితే అంత మాట్లాడనీ. నాకేం ఇబ్బంది లేదు.

ఇరవై ఆరేళ్ళు ఊరివాళ్ళ గొంతులన్నీ పెద్దవి చేసే పెట్టెలకి తీగలు అతికాను. ఒక్కరోజు కూడా అందులో నా గొంతు పెట్టాలని తోచలేదు. అది ఎలా ఉందో నువ్వు రాసింది చదివి, మొహం కడుక్కుని వచ్చి, మళ్ళీ చదివాను. తియ్యగా ఉండదని రాసినందుకు సంతోషం. తియ్యగా ఉందని రాస్తే మిగతాది కూడా నమ్మేదాన్ని కాదు.

క్యాసెట్ రోజంతా తిరిగితే ఆరు నెలల్లో అరిగిపోతుంది. ఈ లోపల ఇంకో రెండు కాపీలు తీసిపెట్టు. బోల్టు దగ్గర తుప్పు పట్టకుండా గ్రీజు పూయి. మళ్ళీ అరిగితే నేనే వచ్చి చెప్తాను. "జాలీలు" దగ్గర ఆగుతోందని రాశావు కాబట్టి, ఆగకుండా చెప్పడం రోజూ పొద్దున్న పెరట్లో సాధన చేస్తున్నాను. గొంతు ఎంత పెట్టాలో తెలియదు, అందుకని మొత్తం పెడుతున్నాను.

నిన్న ఆ సాధనలో ఉండగా భుజం మీద ఎవరో తట్టారు. తిరిగి చూస్తే వెనకింటి చెన్ గారి భార్య. నేను ఆవిడతో మాట్లాడి నాలుగేళ్ళయింది. ఊడదీసిన జాలీ తలుపు ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. టీ తాగి వెళ్ళమన్నాను. తాగి వెళ్ళింది. తలుపు మాత్రం నా గోడకి ఆనించి వెళ్ళింది. ఈ పొద్దున్న ఇంకో రెండు వచ్చాయి.

ఈ రేవులో జాలీ దొరకదు. నీకు తీరిక దొరికినప్పుడు పది గజాల చుట్ట ఒకటి తీసుకుని పడవ ఎక్కు. వాణ్ణి కూడా తీసుకురా. ఇక్కడి ఇళ్ళు అన్నీ ఒక్క అంతస్తువే.

సుయ్ లియెన్